తోట చెత్త: ఏది పాదుకు, ఏది కుప్పకు, ఏది బండికి

తోట చెత్తకు ఏ పద్ధతి మంచిదని ఎవరైనా అడిగితే, ఏ చెత్తకు అని తిరిగి అడగాల్సి వస్తుంది. కోసిన పచ్చి గడ్డిని గుట్టగా పోస్తే మర్నాటికే వేడెక్కుతుంది, రెండు మూడు రోజుల్లో కంపు కొడుతుంది. ఎండాకులు ఏడాది తర్వాత చూసినా ఆకులుగానే ఉంటాయి. మణికట్టంత లావు కొమ్మ మట్టిలో కలవాలంటే ఏళ్ళు పడుతుంది. ఈ మూడింటినీ ఒకే డబ్బాలో కుక్కి, ఎరువు కాలేదేమని డబ్బాను తిట్టి లాభం లేదు. పద్ధతి ఎంచుకునే ముందు సరుకును చూడాలి, యంత్రం కొనే ముందు సరుకును కొలవాలి. అన్నిటికన్నా ముందు, ఆ చెత్త అసలు అక్కడి నుంచి కదలాలా అన్నది తేల్చుకోవాలి. చెట్టు కిందే తీరిపోయే పనికి బండి ఎందుకు?

కత్తెర పట్టినప్పుడే నాలుగు కుప్పలు

కలిసిపోయిన చెత్తను తర్వాత వేరు చేయడం ఎవరివల్లా కాదు. కోసేటప్పుడే నాలుగుగా పడేయాలి. ఒకటి పచ్చిది: గడ్డి కోత, లేత రెమ్మలు, పూత రాని కలుపు. రెండోది ఎండుది: రాలిన ఆకులు, ఎండిన గడ్డి. మూడోది కర్ర: చిటికెన వేలికన్నా లావున్న ప్రతి పుల్లా. నాలుగోది అనుమానపు సరుకు: తెగులు పట్టిన మొక్కలు, గింజ పట్టిన కలుపు, తుంగ గడ్డలు, ముళ్ళ కంప, ఈమధ్యే కలుపు మందు కొట్టిన గడ్డి.

తర్వాత ఒక నెలపాటు కొలవాలి. 50 లీటర్ల గంప ఒకటి పెట్టుకుని ఏ రకం ఎన్ని గంపలు వచ్చిందో రాసుకుంటే చాలు. 20 గంపలైతే ఘనమీటరు. ఆకు రాలే కాలంలోనో, కొమ్మలు కొట్టించే నెలలోనో కొలవండి. తీరికైన నెల లెక్క చూసి కట్టిన తొట్టి, పని మీద పడ్డ నెలలో పొంగిపొర్లుతుంది. సాధారణంగా ఈ లెక్కలో జనాన్ని ఆశ్చర్యపరిచేది కర్ర వాటా. బరువులో తక్కువే ఉన్నా, చోటు మాత్రం సగానికి పైగా అదే ఆక్రమిస్తుంది.

కదపకుండా తీర్చేవి

పచ్చిక బయలుంటే గడ్డి కోతను ఎత్తకపోవడమే అన్నిటికన్నా చవక, అన్నిటికన్నా మంచిది. షరతు ఒకటే: ఒక్కో కోతలో గడ్డి ఎత్తులో మూడో వంతుకు మించి తీయకూడదు. అలా కోస్తే తునకలు రెండు మూడు సెంటీమీటర్లకు మించవు, వేళ్ళ మధ్యకు జారి కొద్ది రోజుల్లో కనిపించకుండా పోతాయి. వాటిలో దాదాపు 80 శాతం నీరే. మిగిలిన పదార్థంలో నత్రజని బాగా ఉంటుంది కాబట్టి పచ్చికకు వేయాల్సిన ఎరువులో కొంత మిగులుతుంది. ఎత్తకపోతే నేల మీద పీచు పొర కడుతుందన్న భయం ఉంది. ఆ పొర కట్టేది వేళ్ళు, పాకే కాండాల వల్ల. తునకల వల్ల కాదు. మూడు వారాలు వదిలేసి మోకాలెత్తు గడ్డి కోస్తే మాత్రం అది చాపలా పడి కింద పచ్చికను మాడ్చేస్తుంది. దాన్ని ఎత్తక తప్పదు.

రాలిన ఆకులకు, తురిమిన కొమ్మలకు దగ్గరి దారి మల్చింగ్, అంటే నేల మీద కప్పులా పరవడం. చెట్టు పాదులోనే 5 నుంచి 8 సెంటీమీటర్ల మందాన పరిస్తే నేల తేమ నిలుస్తుంది, కలుపు తగ్గుతుంది. మొదలు చుట్టూ మాత్రం జానెడు ఖాళీ వదలాలి. మొదలుకు ఆనించి గుట్టగా పోస్తే అక్కడ తేమ వీడక బెరడు కుళ్ళుతుంది, ఎలుకలు కొరుకుతాయి. పెద్ద పెద్ద దళసరి ఆకులను అలాగే పరిస్తే ఒకదానికొకటి అతుక్కుని వాననీటిని కిందికి దిగనివ్వవు. గడ్డి కోసే యంత్రాన్ని రెండుసార్లు వాటి మీద నడిపి ముక్కలు చేసి పరవడం మేలు.

కర్ర తురుము వేస్తే నేలలో నత్రజని అంతా లాగేస్తుందన్న మాట సగమే నిజం. మట్టిలో కలిపి దున్నితే లాగుతుంది. పైన పరిస్తే తురుము, మట్టి కలిసే పలచని పొరలోనే ఆ ప్రభావం ఉంటుంది. లోతుకు వేళ్ళు దిగిన చెట్లకు బాధ లేదు. కొత్తగా విత్తనం చల్లిన మడిలో మాత్రం వేయకండి.

ఎండాకులు ఒక్కటే ఉంటే

చెట్లు ఎక్కువ, పచ్చిక తక్కువ ఉన్న చోట చేతికొచ్చేది ముప్పాతిక వంతు ఎండాకులే. అక్కడ రెండు దారులున్నాయి.

మొదటిది ఆకు మట్టి. మీటరు వెడల్పు, మీటరు ఎత్తు ఇనుప జాలీని గుండ్రంగా చుట్టి నిలబెట్టి, ఆకులు నింపి, తడిపి, తొక్కి వదిలేయడమే. ఇది బూజు జాతి శిలీంధ్రాల పని. వాటికి వేడి అక్కర్లేదు, తిరగేయడం అక్కర్లేదు, తేమ ఉంటే చాలు. తురమని ఆకులకు ఏడాది నుంచి రెండేళ్ళు పడుతుంది, తురిమితే అందులో సగం. పోషకాలు తక్కువే గాని నీటిని పట్టి ఉంచడంలో దీనికి సాటి వచ్చేవి అరుదు. నారు కుండీలకు బాగా పనికొస్తుంది. చెడిపోయే మార్గం ఒక్కటే, ఎండిపోవడం. పైన పొడిగా ఉందని కాదు, చేయి లోపలికి పెట్టి చూడాలి. ఆకులు ఒకసారి పూర్తిగా ఎండితే పైన పోసిన నీళ్ళు పక్కలకు జారిపోతాయి. అప్పుడు విప్పి, పొర పొరగా తడుపుతూ మళ్ళీ నింపాలి.

రెండోది, బయటి నుంచి నత్రజని తెచ్చి కంపోస్ట్ చేయడం. 100 కిలోల ఎండాకులకు దాదాపు 100 లీటర్ల నీళ్ళు పడతాయి. నత్రజని కోసం పచ్చి పేడ, వంటింటి తొక్కలు, వాడేసిన కాఫీ పొడి, పచ్చి కలుపు ఏదైనా పనికొస్తుంది. ఏదీ దొరక్కపోతే అంత ఆకుకు 1.3 కిలోల యూరియా నీళ్ళలో కరిగించి చల్లినా లెక్క సరిపోతుంది. కానీ దాన్ని ఆఖరి ఉపాయంగానే ఉంచండి. చోటు, ఓపిక ఉంటే ఆకు మట్టికే మా ఓటు.

కంపోస్ట్: చల్లని కుప్పా, వేడి కుప్పా

చల్లని కుప్ప అంటే వచ్చిందాన్ని వచ్చినట్టు వేస్తూ పోవడం. శ్రమ లేదు, ఆరు నెలల నుంచి ఏడాదిలో అడుగు నుంచి ఎరువు తీసుకోవచ్చు. కానీ కలుపు గింజలు చావవు, తెగులు చావదు. ఒక్క ఇంటి తోటకు, అనుమానపు సరుకు అందులో పడనంతవరకు ఇది చాలు.

వేడి కుప్పకు మూడు షరతులు: ఒకేసారి కనీసం ఘనమీటరు సరుకు, సరైన పాళ్ళు, గాలి. ఘనమీటరుకు తగ్గితే పుట్టిన వేడి పక్కల నుంచే పోతుంది. ఎత్తు ఒకటిన్నర మీటర్లు దాటితే అడుగు నలిగి గాలి ఆగుతుంది.

పాళ్ళ దగ్గరే చాలామంది తడబడతారు. సూక్ష్మజీవులకు కార్బన్, నత్రజని 25 నుంచి 30కి ఒకటి చొప్పున కావాలి. ఎండాకుల్లో అది 50కి ఒకటి చుట్టుపక్కల, పచ్చి గడ్డిలో 15 నుంచి 20కి ఒకటి, కర్ర తురుములో 200 పైమాటే. తేమ 50 నుంచి 60 శాతం ఉండాలి. లెక్క వేసి చూస్తే, 10 కిలోల ఎండాకులకు 20 కిలోల పచ్చి గడ్డి కలిపితే నిష్పత్తి 30కి, తేమ 57 శాతానికి వస్తుంది. నీళ్ళు పోయాల్సిన పనే ఉండదు. తిరకాసేమిటంటే, ఇది తూకం లెక్క. ఎండాకులు తేలిక, గడ్డి బరువు కాబట్టి గంపల్లో కొలిస్తే లెక్క తిరగబడుతుంది: రెండు గంపల ఆకులకు ఒక గంప గడ్డి. తూకం పాళ్ళను గంపలతో కొలిచేవాళ్ళ కుప్పలో గడ్డి నాలుగింతలు పడుతుంది. అది బంకగా మారి, అమ్మోనియా ఘాటు కొట్టి, నత్రజనిని గాలికి వదిలేస్తుంది.

అడుగున 15–20 సెంటీమీటర్ల మందాన ముతక పుల్లలు పరిచి, పై పాళ్ళలో కలిపిన సరుకును పోయాలి. పొరలు పొరలుగా వేయమని చెబుతుంటారు. పొరలు కొలతకు మంచివే, కానీ వేశాక పారతో కలియబెట్టాలి. గడ్డి పొర విడిగా ఉండిపోతే గాలి చొరని రొట్టెలా బిగుసుకుంటుంది. అలాంటి 30 కిలోల విడతలు అయిదారు కలిస్తే ఘనమీటరు అవుతుంది. పిడికెడు తీసి గట్టిగా పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి. ధార కడితే నీరెక్కువ, చేయి పొడిగా ఉంటే తక్కువ.

రెండు నుంచి నాలుగు రోజుల్లో మధ్య భాగం 55 నుంచి 65 డిగ్రీల సెల్సియస్‌కు చేరుతుంది. పొడుగు కాడ థర్మామీటర్ ఉంటే సరే. లేదంటే ఇనుప చువ్వను మధ్యదాకా గుచ్చి పావుగంట ఉంచి తీయండి. చేత్తో పట్టుకోలేకపోతే వేడి అందినట్టే. 65 దాటినా, 50కి దిగినా తిరగేయాలి. తిరగేసేటప్పుడు బయటి సరుకు లోపలికి, లోపలిది బయటికి రావాలి. గింజలు బతికి ఉండేది చల్లగా ఉన్న బయటి అంచుల్లోనే. పారతో పొర్లించే కుప్పల్లో 55 డిగ్రీలకు తగ్గకుండా 15 రోజులు, ఆ లోపు అయిదుసార్లు తిరగేయడం అన్నది రోగకారక క్రిములను చంపడానికి పెద్ద కేంద్రాల్లో పాటించే కొలమానం. ఇంటి కుప్పలో అది కుదరడం కష్టం. అందుకే అనుమానపు సరుకును అందులో వేయవద్దంటున్నాం.

ఏం చెడిందో కుప్పే చెబుతుంది. కుళ్ళిన గుడ్డు కంపంటే లోపల గాలి లేదు, నీరెక్కువ. విప్పి పొడి ఆకులు, పుల్లలు కలపండి. ముక్కు పగిలే అమ్మోనియా అంటే పచ్చిది ఎక్కువ. వేడే ఎక్కకపోతే ముందు తేమ చూడండి, తర్వాత పరిమాణం, ఆ తర్వాతే నత్రజని. చీమలు పుట్ట పెట్టాయంటే లోపల ఎండిపోయిందని అర్థం. మధ్యలో బూడిద రంగు పొడి పట్టి, తేలిగ్గా ఉందంటే వేడికి నీరు ఆవిరై మాడిపోయింది, తిరగేస్తూ తడపాలి. కుప్ప తొందరగా మాగుతుందని అమ్మే పొడులు, ద్రావణాలు కొనాల్సిన పని లేదు. ఆకుల మీద, మట్టిలో ఉన్న సూక్ష్మజీవులే చాలు. మరీ కావాలనుకుంటే పాత ఎరువు ఒక గంప కలపండి.

గుంత తవ్వి చేయడం ఎప్పటి నుంచో ఉన్న పద్ధతే. ఎండ, గాలి ఎక్కువున్న పొడి నేలల్లో తేమ కాపాడుతుంది. వాన కురిసే చోట నీళ్ళు నిలిచి మురుగు గుంత అవుతుంది, లోపలి సరుకు తిరగేయడం నడుం విరిగే పని. అలాంటి చోట నేల మీద కుప్పే నయం.

ఏ తొట్టి? తిప్పే డ్రమ్ములు చూడముచ్చటగా ఉంటాయి, పందికొక్కులు చొరవు. అయితే చాలావాటిలో 200 లీటర్లకు మించి పట్టదు, కనుక నిలకడైన వేడి అందదు. పుల్లలున్న సరుకు వేస్తే ఉండలు కడుతుంది. మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బా చల్లని కంపోస్ట్‌కు పనికొస్తుంది, అడుగు తెరిచి మట్టికి ఆనాలి. ఇనుప జాలీ చవక, గాలి బాగా ఆడుతుంది, ఎండకు పక్కలు ఆరిపోతాయి. ఇటుకల మధ్య సందులు వదిలి కట్టిన మూడు గదులు మీటరు చొప్పున ఉంటే వేడి కుప్పకు అంతకన్నా అనువైంది లేదు: ఒకటి నింపడానికి, ఒకటి తిరగేయడానికి, ఒకటి మాగడానికి.

వానపాముల మాట

వర్మీకంపోస్ట్ నాణ్యత గురించి వేరే చెప్పక్కర్లేదు. తోట చెత్తకు అది ప్రధాన మార్గం కాదన్నదే మా అభిప్రాయం. బాగా చూసుకుంటే కిలో వానపాములు రోజుకు అరకిలో తింటాయి. అంటే వారానికి మూడున్నర కిలోలు. పచ్చిక ఒక్కసారి కోస్తే వచ్చేది అంతకు ఎన్నో రెట్లు. పైగా పచ్చి గడ్డి వేస్తే పెట్టె వేడెక్కి పాములు చచ్చిపోతాయి. ఎక్కువగా పెంచే ఎర్ర రకం, ఐసీనియా ఫెటిడా, 15 నుంచి 25 డిగ్రీల మధ్య హాయిగా ఉంటుంది, 35 దాటితే నిలవదు. కాబట్టి రెండు మూడు వారాలు కుప్పలో వేడి చల్లారిన సరుకునే, కొద్ది కొద్దిగా, నీడలో ఉన్న తొట్టికి ఇవ్వండి. వంటింటి చెత్త కోసం పెట్టుకున్న తొట్టి ఉంటే దానికి ఎండాకులు పరుపుగా వాడుకోవచ్చు, అంతవరకే.

కర్ర: అసలు చిక్కు ఇక్కడే

ఆకులు, గడ్డి ఏదో ఒకలా తీరిపోతాయి. కాలనీ సంఘాలు చేతులెత్తేసేది కొమ్మల దగ్గరే. వాటికి అయిదు దారులున్నాయి.

తురమడం అందరికీ మొదట తట్టేది. కొమ్మల గుట్ట తురిమితే చోటు నాలుగైదు రెట్లు తగ్గుతుంది. కరెంటుతో నడిచే చిన్న ష్రెడ్డర్లు, అంటే తురిమే యంత్రాలు, సాధారణంగా 35 నుంచి 40 మిల్లీమీటర్ల లావు వరకు తీసుకుంటాయని రాసి ఉంటుంది. అది పచ్చి, మెత్తని, నిటారు కర్ర లెక్క. ఎండిన గట్టి కర్రకు అందులో మూడింట రెండు వంతులే నమ్మండి. బ్లేడుతో చెక్కే రకం వేగం, చప్పుడు ఎక్కువ, ఇరుక్కోవడమూ ఎక్కువ. గేర్ చక్రంతో నలిపే రకం నెమ్మది, చప్పుడు తక్కువ, ఇరుక్కోవడమూ తక్కువ. ఏ రకమైనా పీచు మట్టలను నమిలి చక్రానికి చుట్టుకుంటుంది. కొబ్బరి, ఈత, అరటి జాతులను విడిగా కొడవలితో నరకడమే మేలు. బ్లేడ్లకు మొదటి శత్రువు మట్టి అంటిన వేళ్ళు. ఒక్క గులకరాయి పడితే అంచు పోతుంది, ఆపైన కోయడం మాని చీరుతుంది, మోటారు వేడెక్కుతుంది.

ఇంటికొకటి కొనడం దండగ. ఏడాదిలో నాలుగు రోజులు నడిచి, తక్కిన కాలం మూలన పడి ఉంటుంది. వీధికొకటి కొన్నా బ్లేడు ఎవరు పదును పెట్టిస్తారు, ఇరుక్కుంటే ఎవరు తీస్తారు అన్నది ముందే తేలకపోతే ఖర్చు తడిసి మోపెడవుతుంది. కొమ్మలు పేర్చి ఉంచి, ఏడాదికి రెండుసార్లు 75–100 మిల్లీమీటర్లు తీసుకునే పెద్ద చిప్పర్‌ను (కొమ్మలు తురిమే పెద్ద యంత్రాన్ని) అద్దెకు పిలిపించడం చాలా సంఘాలకు సరిపోతుంది. పేర్చడంలో చిన్న మెలకువ ఉంది: మొదళ్ళన్నీ ఒకే వైపు ఉండాలి. చిందరవందరగా పడేస్తే, లాగి విడదీయడానికే అద్దె గంటల్లో సగం పోతాయి. నడిపేటప్పుడు కళ్ళద్దాలు, చెవులకు మూత తప్పనిసరి. వదులు చేతుల చొక్కా, వేలాడే కొంగు, కండువా పనికిరావు. ఇరుక్కున్నదాన్ని తీయాలంటే ప్లగ్ పీకాకే చేయి పెట్టాలి. తురుమును రెండు మీటర్లకు మించి ఎత్తు పోయకండి, పెద్ద గుట్టలు లోపల బాగా వేడెక్కుతాయి. ఇంటి గోడకు, కర్ర తలుపులకు ఆనించి పోస్తే చెదలను ఆహ్వానించినట్టే.

రెండో దారి, తురమకుండానే పేర్చిన కంచె. రెండు వరసల్లో గుంజలు పాతి, వరసల మధ్య అర మీటరు, గుంజకూ గుంజకూ మీటరు ఎడం ఉంచి, మధ్యలో కొమ్మలను పొడుగునా వేసి తొక్కుతూ పోవడం. అడుగు కుళ్ళి కుంగుతుంటే పైన కొత్తవి వేస్తారు. యంత్రం లేదు, కరెంటు లేదు. పిట్టలు, ఉడుతలు, తేనెటీగలు చేరతాయి. పార్కు అంచుల్లో, ఖాళీ స్థలాల హద్దుల్లో బాగా నప్పుతుంది. ఇళ్ళ మధ్య సన్నటి సందుల్లో వద్దు. ఎండాకాలంలో నిప్పు భయం ఉంటుంది, పాములూ చేరతాయి.

మూడోది, లావు దుంగలను ఎత్తు మడి అడుగున పాతిపెట్టి పైన ఆకులు, మట్టి వేయడం. నీటిని పట్టి ఉంచుతుంది. మొదటి ఏడాది నత్రజని కొరత, తర్వాత మడి కుంగడం ఖాయం.

నాలుగోది బొగ్గు. గాలి తక్కువ అందేలా 400 నుంచి 600 డిగ్రీల దగ్గర కర్రను కాల్చి, బూడిద కాకముందే నీళ్ళతో ఆర్పితే వచ్చేది బయోచార్. శంకువు ఆకారపు గుంతలో, పై నుంచి మంట ఉంటూ, బూడిద పొర తెల్లగా కనిపించిన ప్రతిసారీ కొత్త పొర పుల్లలు వేసే పద్ధతిలో పొగ చాలా తక్కువ. కర్ర మాత్రం బాగా ఎండి, తేమ 20 శాతం లోపు ఉండాలి. బరువులో అయిదో వంతో, నాలుగో వంతో బొగ్గు మిగులుతుంది. దాన్ని నేరుగా నేలలో వేస్తే ముందు పోషకాలను తనలోకి లాక్కుంటుంది. కంపోస్ట్‌లో కలిపి కొన్ని వారాలు నానబెట్టి వాడాలి. నేర్చిన మనిషి దగ్గరుండి చేయాల్సిన పని ఇది. బహిరంగ మంటలకు స్థానికంగా అనుమతి ఉందో లేదో ముందే కనుక్కోవాలి.

అయిదోది బండికి ఎత్తడం. దాని సంగతి కింద చూద్దాం.

అనుమానపు సరుకు

తుంగ గడ్డలను, గరిక వేర్లను చల్లని కుప్పలో వేస్తే ఎరువుతోపాటు తోటంతా నాటినట్టే. సిమెంటు గచ్చు మీద పలచగా పరిచి, గడ్డ విరిస్తే ఫెళ్ళున విరిగేదాకా ఎండబెట్టి అప్పుడు కుప్పకు ఇవ్వండి. గింజ పట్టిన కలుపును నల్ల ప్లాస్టిక్ సంచిలో తడిగా మూటగట్టి మండుటెండలో ఆరు నుంచి ఎనిమిది వారాలు ఉంచడం ఒక ఉపాయం. గింజ రాలకముందే పీకడం అంతకన్నా మంచి ఉపాయం.

వడలు తెగులు పట్టిన టమాటా, వంగ, మిరప మొక్కలను, వేళ్ళ మీద బుడిపెలు కట్టినవాటిని ఇంటి కుప్పలో వేయకూడదు. పొగాకు మొజాయిక్ లాంటి కొన్ని వైరస్‌లు కంపోస్ట్ వేడికి కూడా లొంగవు. ఇవి మున్సిపల్ సేకరణకో, పెద్ద కంపోస్ట్ కేంద్రానికో వెళ్ళాలి. ఆకు మచ్చలకు, బూడిద తెగులుకు ఇంత భయం అక్కర్లేదు, వేడి కుప్ప వాటి పని పడుతుంది.

పశువులకు వేద్దామనుకుంటే ముందు అది ఏ మొక్కో చూడాలి. గన్నేరు విషం, ఎండినా విషమే. గుట్టగా వేడెక్కిన గడ్డి కోత గుర్రాలకు, పశువులకు కడుపు నొప్పి తెస్తుంది. మందు కొట్టినది సరే సరి.

ఇల్లా, ఉమ్మడి స్థలమా, మున్సిపల్ బండా

ఇంటి దగ్గర చేసుకుంటే రవాణా లేదు, సరుకు మీద అదుపు మీదే. ఘనమీటరు ఒకేసారి జమ కాదు కాబట్టి వేడి కుప్ప అరుదు.

ఉమ్మడి స్థలానికి ఆ బలం ఉంది, చోటు మాత్రం లెక్క వేసే తీసుకోవాలి. వారానికి 2 ఘనమీటర్ల తురిమిన సరుకు వస్తుందనుకోండి. రెండున్నర మీటర్ల వెడల్పు, ఒకటింబావు మీటర్ల ఎత్తు వరస కడితే మీటరు పొడుగుకు దాదాపు 2 ఘనమీటర్లు పడుతుంది. అంటే వారానికి మీటరు, 12 వారాలకు 12 మీటర్లు. తిరగేయడానికి పక్కన అంతే వెడల్పు ఖాళీ కావాలి. అక్కడికి 60 చదరపు మీటర్లు. మాగే కుప్పలకు మరో 20, నిల్వకు మరో 20 కలిపితే 100 చదరపు మీటర్లు. నేల 2 శాతం వాలు ఉండాలి. కారే నల్లటి నీరు కాలువలోకి, బావి వైపు పోకుండా అడుగు వైపు తురుము గట్టు వేయాలి.

నిల్వకు విడిగా చోటు అన్నది తీసేయడానికి వీల్లేని అంశం. ఆకులు రాలేది ఒక కాలంలో, గడ్డి పెరిగేది ఇంకో కాలంలో. ఆకులు కురిసిన నెలల్లో వాటిని తడవకుండా దాచుకోకపోతే, గడ్డి ముంచెత్తిన నెలల్లో కలపడానికి పొడి సరుకు ఉండదు, కుప్పలన్నీ కంపు కొడతాయి, చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు ఫిర్యాదు చేస్తారు, స్థలం మూతపడుతుంది. ఉమ్మడి కంపోస్ట్ చతికిలపడడానికి చాలాచోట్ల మూలం ఇదే. టార్పాలిన్ కప్పిన ఆకుల గుట్ట ఒకటి ఎప్పుడూ చేతిలో ఉండాలి.

తర్వాతి తలనొప్పి ప్లాస్టిక్. మొక్కల కవర్లు, నైలాన్ తాళ్ళు, బైండింగు వైరు, పేరు చీటీలు తురుములో కలిస్తే మళ్ళీ ఏరలేం. తెచ్చిన సంచిని అక్కడే కుమ్మరించి, సంచి తిరిగి పట్టుకుపోవాలన్న ఒక్క నియమం సగం సమస్యను తీరుస్తుంది. ఎప్పుడంటే అప్పుడు గేటు తెరిచి ఉంచకండి. వారానికి రెండు పూటలు, మనిషి ఉన్నప్పుడే తీసుకోండి. కాపలా లేని చోట పరుపులు, పగిలిన టైల్స్ కూడా తోట చెత్తగానే వచ్చి పడతాయి.

మున్సిపల్ సేకరణను ఎంచుకునే ముందు మూడు ప్రశ్నలు అడగండి. తోట చెత్తను విడిగానే తీసుకెళ్తారా, చివరికి ఇంటి చెత్తతో కలుపుతారా? కంపోస్ట్ చేస్తారా, పూడుస్తారా? కొమ్మ పొడుగు, లావు ఎంతవరకు తీసుకుంటారు? గాలి అందని డంపు యార్డులో పూడిస్తే మీథేన్ పుడుతుంది. నూరేళ్ళ లెక్కన అది కార్బన్ డయాక్సైడ్ కన్నా దాదాపు 27 రెట్లు భూమిని వేడెక్కిస్తుంది. విడిగా తీసుకెళ్ళి కంపోస్ట్ చేసే వ్యవస్థ ఉంటే అనుమానపు సరుకుకు, లావు దుంగలకు అంతకన్నా మంచి దారి లేదు. ఆకులను మాత్రం తురిమి ఇవ్వండి, లేకపోతే బండి మోసేది చాలావరకు గాలినే. బయోగ్యాస్ కేంద్రం ఉంటే పచ్చి గడ్డి ఇవ్వొచ్చు. కర్రకు గట్టితనమిచ్చే లిగ్నిన్ అనే పదార్థాన్ని గాలి లేని చోట సూక్ష్మజీవులు అరిగించుకోలేవు, కాబట్టి కొమ్మలు వద్దు.

ఆకులు పోగేసి తగలబెట్టడాన్ని పద్ధతుల్లో చేర్చడం లేదు. సగం తడి ఆకులు మండవు, రగులుతాయి. సన్నటి ధూళి, కార్బన్ మోనాక్సైడ్ ఇళ్ళలోకి వస్తాయి.

ఎవరికి ఏది

పెరడున్న ఒక్క ఇల్లయితే: గడ్డి కోత అక్కడే వదలండి, ఆకులు పాదులకు, మిగిలినవి జాలీలో ఆకు మట్టికి, కొమ్మలు కట్ట కట్టి బండికి. యంత్రమేదీ కొనకండి. ఇరవై ముప్ఫై ఇళ్ళ వీధి అయితే మూడు గదుల తొట్టి, ఆకుల నిల్వ, ఏడాదికి రెండుసార్లు అద్దె చిప్పర్. పెద్ద పార్కు, వందల ఇళ్ళు ఉన్న కాలనీకి వరస కుప్పలు, జీతం మీద ఒక మనిషి. స్వచ్ఛంద సేవతో వరస కుప్పలు నడిపితే మొదటి ఉత్సాహం తగ్గేసరికి తిరగేసేవాళ్ళుండరు. మట్టే లేని అపార్ట్‌మెంట్‌లో కుండీల చెత్త కోసం కంపోస్ట్ మొదలుపెట్టడం కన్నా పక్క సంఘంతో కలవడం తెలివైన పని.

ఎరువు చేతికొచ్చాక

వేడి తగ్గిన కుప్ప ఇంకో నాలుగు నుంచి ఎనిమిది వారాలు మాగాలి. తిరగేసినా మళ్ళీ వేడెక్కకుండా, అడవి మట్టి వాసన వస్తే అయినట్టు. పది పన్నెండు మిల్లీమీటర్ల జల్లెడ పట్టి, మిగిలిన ముతకను తర్వాతి కుప్ప అడుగున వేయండి. మడులకు 2 సెంటీమీటర్ల పొర చాలు, చదరపు మీటరుకు 20 లీటర్లు. కుండీల్లో మూడో వంతుకు మించితే మట్టి కుంగి, ఉప్పు శాతం పెరుగుతుంది.

పదిమంది దగ్గర పోగైన సరుకుతో చేసిన ఎరువునైతే పంచే ముందు చిక్కుడు గింజలతో పరీక్షించండి. క్లోపిరాలిడ్, అమినోపిరాలిడ్ రకం కలుపు మందులు కుప్ప వేడికి కూడా విరగవు. అవి కొట్టిన గడ్డి తిన్న పశువుల పేడలోనూ ఉంటాయి. సగం ఎరువు, సగం శుభ్రమైన మట్టి కలిపిన మూడు కుండీల్లో, ఎరువు లేని మూడు కుండీల్లో నాలుగేసి గింజలు నాటి, మూడు నాలుగు వారాలు చూడండి. ఎరువున్న కుండీల్లో మాత్రమే కొత్త ఆకులు దొప్పల్లా ముడుచుకుని, చివర్లు మెలితిరిగి వస్తే ఆ ఎరువును కూరగాయ మడులకు, పూల మొక్కలకు ఇవ్వకూడదు. పచ్చిక మీద పలచగా చల్లేయవచ్చు. ఆ పచ్చిక కోతను మాత్రం కొన్నాళ్ళు అక్కడే వదిలేయండి, కుప్పకు తేవద్దు.